ఏడో నంబరు తలపట్టీ

నొక్కింది. అద్దం అవతల అక్క బొటనవేలు బటన్ మీద కదిలింది, ఇవతల చెవి పరీక్షలు చేసే అమ్మాయి బల్ల మీద ఆకుపచ్చ దీపం వెలిగింది, ఆ అమ్మాయి కాగితం మీద ఒక చుక్క పెట్టింది. ఇప్పుడు నిజంగానే ఏదైనా మోగిందా? మోగితే అక్కకి వినబడిందా, లేక చాలాసేపైంది కదా, ఈపాటికి మోగే ఉంటుందిలే అని ఉజ్జాయింపుగా నొక్కేసిందా? చూపు కూడా నేల మీదే పెట్టుకుంది. వినేవాళ్ళు అలా నేలకేసి చూస్తారా? నిజమే, చూస్తారు, పైకి చూసేవాళ్ళూ ఉంటారు, కళ్ళు మూసుకునేవాళ్ళూ ఉంటారు, నాకే ఎలా చూసినా తప్పుగా కనబడుతోంది. నాలుగూ ఐదు. ఐదింటికి నేను సంతకం పెట్టాలి. పెడితే రేపు పొద్దున్నే పట్టీలు తయారుచేసే అచ్చు కోస్తారు, అచ్చు కోశాక ఇక మార్చేదేమీ ఉండదు, నేను గీసిన తలపట్టీ నేను గీసినట్టే చెవులు సరిగ్గా వినబడని రెండు వందల మంది బడిపిల్లల తలల మీదికి పోతుంది. అది పెట్టుకోగలిగితే వాళ్ళు పాఠం వింటారు, పెట్టుకోలేకపోతే సంచీలో అడుగున పడేస్తారు, మళ్ళీ ఇంకో పట్టీ వచ్చేసరికి వాళ్ళ చదువులు అయిపోతాయి. ఇదంతా ఆ గదిలో కూర్చున్న ఒక్క మనిషి నిజం చెబుతోందా లేదా అన్నదాని మీదికి వచ్చింది. ఆ మనిషి మా అక్క. ఆ సంగతి ఇక్కడ మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు.

వస్తూనే నన్ను చూసి "నమస్కారమండీ మేడమ్ గారూ" అంది. అదీ మొహం మీద చిన్న నవ్వు కూడా లేకుండా. నలభై ఏళ్ళుగా నన్ను ఏమే, ఒసేయ్ అని తప్ప పిలవని మనిషి! బస్సు దిగగానే నన్ను ఎరగనట్టు ఉండు అని నేనే చెప్పాను, చెప్పింది చెప్పినట్టు చేసింది, అయినా నాకు అనుమానం ఇంకా పెరిగింది. ఇంత శుభ్రంగా ఇది నటించగలిగితే మిగతాది నటన కాదని ఏమిటి నమ్మకం? బంధువుల్ని ఈ పరీక్షలకి తీసుకోకూడదని నియమం రాసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. చుట్టాలైతే మొహమాటానికి బాగుందంటారు, లెక్క చెడుతుంది అని ఆ రోజు బల్ల గుద్ది మరీ చెప్పాను. తీరా ఏడో మనిషిగా ఒప్పుకున్న లారీ డ్రైవరు పట్టీలు ఇచ్చే ముందురోజు రానన్నాడు. కంచే చేను మేసింది. నాకు కావలసింది లోపలి చెవి గట్టిగా ఉండి బయటి దారి మాత్రమే పాడైన మనిషి. అలాంటి చెవుల కోసం ఊరంతా గాలించక్కర్లేదు, అవి మా ఇంట్లోనే ఉన్నాయి, అక్కకి ఇంటిపేరు మారింది కాబట్టి కాగితాల్లో పట్టుబడేదీ లేదు. ఏడో నంబరు అని రాసి పట్టీ చేతిలో పెట్టాను. ఆరువారాలు. మిగతా ఆరుగురి లెక్కలు చూస్తే ఏడుపొస్తుంది. రోజుకి రెండు గంటలు, మూడు గంటలు, ఒకాయనైతే నలభై నిమిషాలు. ఇద్దరు తలనొప్పి అన్నారు, ఒకావిడ చెవి వెనక కందిపోతోందంది, మిగతావాళ్ళు బాగానే ఉందండీ అంటూ నసిగారు. ఏడో నంబరు మాత్రం రోజుకి పదకొండు గంటలు. మా ఆఫీసు పెద్దాయన ఆ కాగితం చూసి, "ఒకళ్ళు పదకొండు గంటలు పెట్టుకోగలిగారంటే పట్టీలో లోపం లేదమ్మా, మిగతావాళ్ళకి ఓపిక లేదు" అన్నాడు. నేను తల ఊపాను. ఊపడానికి నాకెంత తొందరో అప్పుడు.

మళ్ళీ నొక్కింది. ఇప్పుడు పంపింది సన్నటి మోత అయి ఉంటుంది, ఆ అమ్మాయి మీటని కుడివైపుకి తిప్పింది. అక్క కుడిచెవి వెనక, జుట్టు పాయలోంచి, నా బిళ్ళ కొంచెం కనబడుతోంది. రూపాయి బిళ్ళంత ఉంటుంది. దాని కోసం ఏడేళ్ళు పోయాయి. మామూలు చెవిమిషను చెవిలో దూర్చుకునేది, ఎప్పుడూ చీము కారే చెవిలో అది ఎలా పెడతారు, పెడితే తడికి మిషనూ పాడు చెవీ పాడు. అందుకని వాకిలి మూసుకుపోతే దొడ్డిదారిన పంపడం. మైకు మాటని పట్టుకుంటుంది, బిళ్ళ ఆ మాటని వణుకుగా మార్చి చెవి వెనక ఎముకకి అందిస్తుంది, ఎముక లోపలి చెవికి చేరవేస్తుంది. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు తెలుస్తుంది దాని తిక్క. బిళ్ళ ఎముకని గట్టిగా అంటుకుని ఉండాలి, వదులైతే మాట దారిలోనే రాలిపోతుంది, బిగుతైతే తల పగిలిపోతుంది. ఎంత బిగుతు? మా లెక్కలో ఐదు. ఆ ఐదు దగ్గర నిలబడటానికి ఉక్కు పట్టీని ఎన్నిసార్లు మార్చానో. మొదట బిళ్ళకి ఒక కీలు ఉండేది, అటూ ఇటూ ఊగి తల వాలు ఎలా ఉంటే అలా సర్దుకునేది. కానీ కొన్ని మాటలకి ఆ కీలు గిలకలా మోగేది. తీసేశాను. బిళ్ళని పట్టీకే బిగించేశాను. మోత పోయింది, పట్టీ పల్చబడింది, చూడ్డానికి ముచ్చటగా తయారైంది, బల్ల మీది రబ్బరు తలకి తొడిగితే ఐదు అంటే ఐదే చూపించింది. రబ్బరు తలకి నొప్పి ఉండదు. అందుకే మనుషులకి ఇచ్చాం, ఇందులో నేను చేసిన తప్పేముంది? ఎవరో నన్ను నిలదీసినట్టు జవాబులు చెప్పుకుంటున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వ్యవహారం.

అసలు నా నిద్ర చెడగొట్టింది పట్టీ లోపలి లెక్క. ఎన్ని గంటలు పెట్టుకున్నారు, బిళ్ళ మీద ఎంత బిగుతు పడింది, రెండూ అందులో నమోదవుతాయి. పెద్దాయన గంటలే చూశాడు. నేనూ నిన్నటిదాకా గంటలే చూశాను, గంటలు అంత బాగుంటే బిగుతు ఎవడు చూస్తాడు? నిన్న సాయంత్రం ఊరికే, ఏమీ తోచక, బిగుతు కాగితం తీశాను. మొదటివారం ఐదు. రోజుకి మూడు గంటలే. అంటే అక్క కూడా మొదట మిగతావాళ్ళలాగే ఉంది. రెండోవారంలో నాలుగు రాత్రులు, రాత్రి పొడుగునా, ఎనిమిది! పట్టీ ఆపడం మర్చిపోయినట్టుంది, సరే, కానీ ఎనిమిది ఎలా వచ్చింది? అక్క తలకి ఐదు, ఎనిమిది రావాలంటే ఎంత పెద్ద తల ఉండాలి? బావ తల పెద్దదే, ఆయన దాన్ని పెట్టుకుని పడుకున్నాడా, చోద్యం కాకపోతే. ఆ తరువాత నాలుగైంది, మూడైంది, చివరికి రెండున్నర దగ్గర ఆగిపోయింది. అక్కడినుంచి రోజుకి పదకొండు గంటలు, ఒక్కరోజు తప్పకుండా. రెండున్నర అంటే మనిషి తల కాదు. అప్పుడు వెలిగింది నాకు. అక్క టోపీలు కుడుతుంది. కొట్టు వెనకగదిలో గోడ పొడుగునా బల్ల మీద చెక్క దిమ్మలు ఉంటాయి, టోపీని తొడిగి ఆకారం తెప్పించే తలలు, పిల్లల తలంత చిన్న దిమ్మ నుంచి గుమ్మడికాయంత దిమ్మ దాకా. పెద్ద దిమ్మకి తొడిగితే ఎనిమిది, చిన్న దిమ్మకి తొడిగితే రెండున్నర. పొద్దున్నే కొట్టు తెరిచి పట్టీని ఒక చెక్కతలకి తొడిగి, రాత్రి కొట్టు మూసేటప్పుడు తీసి, చెల్లెలి లెక్క నిండింది కదా అని సంతోషించే మనిషే మా అక్క. వారం వారం ఫోన్‌లో అడిగితే, బావ పక్కనుంచి నా ప్రశ్న అందిస్తుంటే, "భేషుగ్గా ఉందిటే" అని ఎన్నిసార్లు అంది! నా చెవిలో పువ్వులు పెట్టింది. ప్రేమగానే పెట్టింది, కానీ పెట్టింది.

అలా చేయగలదని నాకెందుకంత నమ్మకం? ఎందుకంటే పరీక్షలో దొంగాట ఆడటం దానికి నేనే నేర్పాను. నాకు ఎనిమిదేళ్ళు, దానికి పది. బడికి చెవులు చూసే మనిషి వచ్చాడు. పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి వెనక్కి వెళ్ళి, గుసగుసగా ఒక అంకె చెప్పేవాడు, అది తిరిగి చెప్పాలి. చెప్పలేనివాళ్ళని ఊరికి ఆ చివర ఉన్న వేరే బడికి పంపేస్తారని పిల్లలు చెవులు కొరుక్కున్నారు. అక్క చెయ్యి చల్లగా అయిపోయింది, నాకు ఇప్పటికీ గుర్తే ఆ చెయ్యి. అక్క వంతు వచ్చినప్పుడు నేను ఎదురుగా ఉన్నాను, ఆ మనిషి పెదాలు నాకు కనబడుతున్నాయి. పొట్ట దగ్గర వేళ్ళు పెట్టి చూపించాను. నాలుగు. ఏడుకి రెండు చేతులూ కావలసి వచ్చింది. తొమ్మిది. అక్క గబగబా చెప్పేసింది. "రెండు చెవులూ బాగున్నాయి" అని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ అమ్మకి ఇచ్చి ఇద్దరం ఎంత గంతులేశామో! అమ్మ ఆ చీటీని నమ్మింది. పరాకు పిల్ల, పిలిస్తే పలకదు, పొగరు అనుకుంది. చెవిలో దూది కుక్కి బడికి పంపింది. అప్పుడే వైద్యం చేయించి ఉంటే కర్ణభేరి మిగిలేదని పెద్దయ్యాక డాక్టరు చెప్పాడు. ఆయన అక్కతో చెప్పాడు, అక్క చిరునవ్వు నవ్వి నా వైపు చూడకుండా చెప్పులు వేసుకుంది. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. నేను ఈ పనిలోకి ఎందుకొచ్చానని ఎవరైనా అడిగితే లెక్కలంటే ఇష్టం అని చెబుతాను.

"మేడమ్, మోతలన్నీ అయిపోయాయి. చాలా బాగా వచ్చాయి" అంది పరీక్షల అమ్మాయి, కాగితం నా వైపు తిప్పి. చుక్కలన్నీ పై వరసల్లో ఉన్నాయి. ఇంత బాగానా? నేను కాగితం చూడకుండా పక్కనున్న తెర చూశాను. పట్టీలోంచి ఇప్పటికిప్పుడు వస్తున్న బిగుతు అందులో కనబడుతుంది. రెండూ పాయింటు నాలుగు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. రెండూ పాయింటు నాలుగే. పట్టీ ఇప్పుడు చెక్క దిమ్మ మీద లేదు, నా కళ్ళ ఎదుట అక్క తల మీద ఉంది. మరి ఐదు ఏది? నా దిమ్మల కథ అంతా ఒక్కసారిగా కూలిపోయింది, నాకు ఊరట కలగాల్సింది పోయి ఒళ్ళు మండింది. సెన్సర్ పాడైందా? రెండున్నర బిగుతుకి ఈ చుక్కలు రావు, ఐదు ఉంటే తప్ప రావనే కదా మేం అనుకున్నది. వినబడక నొక్కుతోందా? లావు మోతలు వినబడక్కర్లేదు, బిళ్ళ చర్మం మీద వణికితే చక్కిలిగిలిలా తెలుస్తుంది, పుట్టుచెవిటివాళ్ళు కూడా నొక్కుతారు. ఈ పనిలో కొత్తగా వచ్చినవాళ్ళందరూ మోసపోయేది అక్కడే. కానీ సన్నటి మోతలు వణుకుగా తెలియవే, వాటికీ నొక్కిందే. ఈ అమ్మాయి కళ్ళతో సైగ చేస్తోందా? అద్దంలో మీట తిప్పే చెయ్యి కనబడుతోందా? అక్కకి చెయ్యి కదిలితే చాలు, జీవితమంతా మనుషుల చేతులూ మూతులూ చూసి బతికింది.

"మాటల పరీక్ష పెట్టండి" అన్నాను. "మీ మొహానికి ఫైలు అడ్డం పెట్టుకోండి. గొంతు తగ్గించండి."

"గొంతు మామూలుగానే పెట్టాలి కదా మేడమ్?"

"తగ్గించండి."

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి ఫైలు అడ్డం పెట్టుకుంది. నేను లేచి బల్లకీ అద్దానికీ మధ్య నిలబడ్డాను, చేతులు కూడా కనబడకుండా. అక్కకి ఇప్పుడు నేనొక్కదాన్నే కనబడతాను, నా పెదాలు బిగించుకుని ఉన్నాను, చేతులు రెండూ చంకల కింద దాచుకున్నాను. పలక, అంది ఆ అమ్మాయి. స్పీకరులోంచి అక్క గొంతు, "పలక." పడవ. "పడవ." గొడుగు. "గొడుగు." మేకు. "మేకు." ఒక్కొక్క మాట అక్క నోట్లోంచి వస్తుంటే నాకు సంతోషం పొంగుకొస్తోంది, వెనకే ఒక దుర్బుద్ధి దాన్ని కాలర్ పట్టుకుని లాగుతోంది, ఈ మాటల జాబితా ముందే దొరికిందేమో! ఎక్కడ దొరుకుతుంది, నా బీరువాలో ఉంది. పోయిన నెల అక్క మా ఇంటికి వచ్చింది, బీరువా పక్కనే పడుకుంది. ఛీ. ఇరవై ఐదు మాటల్లో మూడు తప్పులు. ఆ మూడూ ఎవరైనా తప్పే మాటలు. నిజం వినేవాళ్ళు అవే తప్పుతారు, అంత చక్కగా తప్పింది. మరీ అంత చక్కగానా? తప్పులు చేయకపోతే బట్టీ పట్టిందంటాను, తప్పులు చేస్తే కావాలని చేసిందంటాను, ఇక అక్క ఏం చేస్తే నమ్ముతాను నేను? ఇలాంటి బుద్ధితో బతికేదాన్ని ఏ అక్క భరిస్తుంది? నాలుగూ ముప్పై రెండు అయింది. బల్ల మీద సంతకం కాగితం, దాని పక్కన సీలు వేసిన సంచీలో కొత్త నమూనా పట్టీ ఉన్నాయి. రెండూ ఐదింటికి కింది అంతస్తుకి వెళ్ళాలి.

"నేను లోపలికి వెళ్తాను" అన్నాను. బరువైన తలుపు రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. లోపల గోడల మెత్తకి నా అడుగుల చప్పుడు కూడా లేదు. అక్క నన్ను చూసి "అయిపోయిందాండీ మేడమ్ గారూ?" అని మర్యాదగా అడిగింది. జవాబు చెప్పకుండా ఆమె కుర్చీని పక్కగోడ వైపు తిప్పి వెనక్కి వెళ్ళాను, ఆ గోడకి అద్దం లేదు, నీడ లేదు, ఏమీ లేదు. రెండడుగుల దూరంలో నిలబడి, పెదాలు దాటీ దాటనట్టు, నాలో నేను అనుకున్నంత మెల్లగా, "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అన్నాను.

అక్క గిర్రున తిరిగింది. "ఎవరే అబద్ధం చెప్పేది? ఒళ్ళు కొవ్వెక్కిందేమిటే నీకు?"

గోడమీది మైకులోంచి ఆ మాట బయటి గదికి వెళ్ళిపోయింది, అద్దం అవతల పరీక్షల అమ్మాయి పెన్ను ఆగిపోయింది. అక్క నాలుక కరుచుకుంది. నాకు అదేదీ పట్టలేదు. వింది. నిజంగా వింది, నేను గుసగుసగా అన్నది వెనకనుంచి వింది, పక్క స్టూలు మీద కూలబడ్డాను, ముప్పై ఏళ్ళ తరువాత అక్క నా గుసగుస వింది. ఏడవడానికి అర నిమిషం కూడా ఇవ్వలేదు నా బుద్ధి. మరి రెండూ పాయింటు నాలుగు? చెయ్యి చాచి అక్క తల మీంచి పట్టీ తీసేశాను. చెవి వెనక చూశాను. ఎర్రటి గుర్తు లేదు, గుంట లేదు, కందిన చర్మం లేదు, పదకొండు గంటలు పెట్టుకునే మనిషికి. పట్టీని దీపం కిందికి పట్టుకున్నాను. వంపు నేను గీసిన వంపు కాదు, బాగా తెరుచుకుపోయి ఉంది. బిళ్ళ పట్టీకి కలిసే చోట ఉక్కు చిన్నగా లోపలికి మెలి తిరిగి ఉంది, దాని మీద సన్నగా పటకారు పళ్ళ గుర్తులు, గుడ్డ చుట్టి పట్టుకున్నట్టున్నారు, అయినా దిగాయి.

"ఏం చేశావు దీన్ని?" అన్నాను. అక్క నా మూతి వైపు చూసి, తల అడ్డంగా ఊపి, నా చేతిలోంచి పట్టీ లాక్కుని తలకి పెట్టుకుంది. రెండు వేళ్ళతో సర్దుకుంది. "ఆఁ, ఇప్పుడడుగు."

"ఏం చేశావు దీన్ని?"

"బిగుతు తగ్గించా. టోపీ బిగుతైతే ఏం చేస్తాం, పెద్ద దిమ్మకి తొడిగి రాత్రంతా ఉంచుతాం. నాలుగు రాత్రులు ఉంచా. అయినా నీ బిళ్ళ ఒక అంచు మీదే నిలబడింది, మేకు దిగినట్టు. నా ఎముక అక్కడ ఏటవాలుగా ఉంది, నీ బిళ్ళ నిటారుగా ఉంది. కాస్త వంచితే మొత్తం పరుచుకుంది. ఇక అంత బిగుతు దేనికి?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నొచ్చుకుంటావుగా. ఏడేళ్ళు చేశావు."

"ఆరువారాలు అడిగానక్కా! ప్రతివారం అడిగాను, కాగితం మీద కూడా ఉంది, సౌకర్యంగా ఉందా అని. చాలా సౌకర్యంగా ఉంది అని గీత పెట్టావు!"

"ఉంది కదా మరి, వంచాక." అక్క గొంతు తగ్గించి అంది, తన గొంతు ఎంత ఉందో తనకి తెలుస్తోంది కాబట్టి తగ్గించగలిగింది. "మొదటివారం ఏడ్చానే. తల రెండుగా చీలిపోతున్నట్టుండేది. తీసేస్తే చెల్లెలి పని పాడవుతుంది, పెట్టుకుంటే నా ప్రాణం పోతోంది. నువ్వేమో ఫోన్ చేసి, వినబడుతోందా, వినబడుతోందా, చెవినిల్లు కట్టుకుని ఒకటే పోరు. వినబడేది. అదే నిజం కదా అని అదొక్కటే చెప్పా."

రబ్బరు తలకి చెవి వెనక బల్లపరుపుగా ఉంటుంది, బిళ్ళ ఎప్పుడూ దాని మీద నిండుగా పరుచుకుంటుంది, కాబట్టి దానికి ఐదు కావాలో రెండున్నర చాలో మేం ఎప్పుడూ తెలుసుకోలేదు. అసలు మనుషుల తలలు కొలిచింది రోజూ వాటికి టోపీలు కుట్టే మనిషి. మోగుతోందని నేను తీసేసిన కీలు పనిని అక్క పటకారుతో చేసుకుంది. ఆ ఆరుగురికి ఓపిక లేదని మేం తేల్చేశాం, వాళ్ళ ఇళ్ళలో దిమ్మలు లేవు, అంతే. ఒకావిడ చెవి వెనక కందిపోయిందంటే నేను ఆవిడ చర్మం సున్నితం అని రాశాను, నా చేత్తో రాశాను. ఇక రెండు వందల మంది పిల్లలు. వాళ్ళకి నొప్పి అంటే తిడతారని భయం, తీసేస్తే తిడతారని భయం, బాగుందని చెబుతూ చెబుతూ సంచీలో పెట్టేస్తారు. అప్పుడు మేం వాళ్ళకీ ఓపిక లేదని రాసుకుంటాం.

బయటికి వచ్చి పెద్దాయనకి ఫోన్ చేశాను. పరీక్షల అమ్మాయి లేచి వెళ్ళిపోబోయింది, ఉండమన్నాను, ఎలాగూ వినాల్సిందే. "ఎలా ఉందమ్మా ఏడో నంబరు?" అన్నాడు ఆయన ఉత్సాహంగా.

"ఏడో నంబరు మా అక్కండీ."

ఆయన ఏదో అనబోయేలోపే మిగతాదీ చెప్పేశాను.

"లెక్క కూడా నా పట్టీది కాదు. ఆవిడ ఇంట్లో వంచుకున్న పట్టీది. నేను గీసింది మొదటివారం ఆవిడ కూడా మూడు గంటలే పెట్టుకుంది, ఏడుస్తూ. నేను ఇవాళ సంతకం పెట్టను."

"అచ్చులాయన వచ్చి కూర్చున్నాడమ్మా" అన్నాడు పెద్దాయన. "బడులు తెరిచేలోపు అందాలి. ఇప్పుడు ఆపితే ఈ ఏడాదికి లేనట్టే, తెలుసు కదా?"

"తెలుసండీ."

"నీ సంగతి కూడా పైవాళ్ళకి చెప్పాల్సి వస్తుంది."

"చెప్పండి. నేనే రాసిస్తాను." ఫోన్ పెట్టేశాను. ఈ ఏడాదికి లేనట్టే అంటే రెండు వందల మంది ఇంకో ఏడాది చివరి బెంచీలో కూర్చుని మాస్టారి మూతి చూస్తారు. అది నా పని. నొప్పి పెట్టే పట్టీ ఇచ్చినా నా పనే అయ్యేది. రెండింటిలో ఏది తక్కువ తప్పో ఎవరినడగను? కీలు మళ్ళీ పెట్టాలి, మోగకుండా పెట్టాలి, ఎలాగో ఇప్పటికి తెలీదు. అక్క తలుపు దగ్గర నిలబడి అంతా వింది. విందని నాకు తెలుస్తూనే ఉంది, అలవాటు లేక సిగ్గేసింది. ఇన్నాళ్ళూ దాని ఎదుట ఫోన్‌లో ఏమైనా మాట్లాడేదాన్ని.

"పిల్లల తలలకి నేను వంచిపెడతాలే, ఎంత పని" అంది అక్క.

"రెండు వందల తలలక్కా."

"నెలకి అంతకంటే ఎక్కువే కుడతా." తరువాత బల్ల మీది సీలు సంచీ వంక చూసింది. "నువ్వు ఎప్పుడైనా పెట్టుకున్నావటే దాన్ని?"

పెట్టుకున్నాను. ఐదేసి నిమిషాలు, పదేసి నిమిషాలు, మాట స్పష్టంగా ఉందో లేదో చూసుకోవడానికి. అలా అనే చెప్పాను. అక్క సంచీ చింపింది, సీలు వేసింది అని నేను అనేలోపే చింపింది, నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. కస్టమరుకి టోపీ తొడిగినట్టు నా తలని రెండు చేతులతో పట్టుకుని నిటారుగా పెట్టి, నేను గీసిన పట్టీని గీసింది గీసినట్టే తొడిగింది. తెర మీద ఐదు కనబడింది. సరిగ్గా ఐదు. నాకు చిన్న గర్వం కూడా కలిగింది, సిగ్గులేకుండా. మొదట ఏమీ తెలియలేదు. పరీక్షల అమ్మాయి కాగితాలు సర్దుకుంటూ మమ్మల్ని ఓరకంట చూస్తోంది, అక్కాచెల్లెళ్ళ పోలిక ఇప్పుడు కనబడుతున్నట్టుంది. పది నిమిషాలకి కుడిచెవి వెనక ఒక చోట వెచ్చగా అయింది. పదిహేను నిమిషాలకి ఆ ఒక్క చోటా ఎవరో వేలిగోరు పెట్టి ఆనించి ఉంచినట్టుంది, గట్టిగా కాదు, తియ్యకుండా, అంతే. తల కొంచెం పక్కకి వంచాను, తగ్గలేదు. దవడ బిగించాను, ఇంకా ఎక్కువైంది. కణత దాకా పాకింది, కన్ను వెనక్కి పాకింది, లోపల ఎక్కడో నా గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. ఐదూ ఐదు. కింది అంతస్తులో అచ్చులాయన ఈపాటికి లేచి వెళ్ళిపోయి ఉంటాడు. రెండు గంటలు, మూడు గంటలు, వాళ్ళంతా ఎలా పెట్టుకున్నారు? ఆ నలభై నిమిషాల ఆయన్ని చూసి నేను నవ్వాను కూడా. ఇరవై నిమిషాలకి కళ్ళు చెమ్మగిల్లాయి, పక్కకి తిరిగి తుడుచుకున్నాను.

అక్క ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నొప్పిగా ఉందా?"

"లేదక్కా, బాగానే ఉంది" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అక్క నా మొహంలోకి అనుమానంగా చూస్తూ కూర్చుంది, ఒక్క ముక్క నమ్మలేదు.